బియ్యం బస్తాల వెనక కంపు

మట్టెవాడలో మా ఇంటి వెనక గది నిండా బియ్యం బస్తాలే. ఎలుకలు సంచులు కొరికి, ఆ గింజల్లోనే పెంట పెడుతుంటే చూడలేక నేనే మందు పెట్టాను. నాలుగు రోజులకు బస్తాల వెనక నుంచి కంపు మొదలైంది. అదే సమయానికి, ఆ గదిలో పడుకునే మా యారాలికి, అంటే మరిది భార్యకు, జ్వరం వచ్చింది. పొట్ట మీద, వీపు మీద ఎర్రగా పొక్కులు లేచాయి.

మా అత్త చూసి దండం పెట్టింది. "అమ్మ వచ్చింది. తొమ్మిది దినాలు మందుల్లేవు, తానం లేదు, ఇల్లు ఊడ్సుడు లేదు."

మంచం మీద వేపమండలు పరిచాం. కంపు భరించలేక నేను చీపురు అందుకున్నాను.

"ఏందే, అమ్మ ఇంట్ల ఉండంగ చీపురు వడతానవ్?"

"ఎలుక సచ్చింది అత్తమ్మా. కంపు గొడ్తాంది."

"జర ఓర్సుకో. సచ్చినెలుక యాడికి పోతది?"

తొమ్మిదో రోజుకు యారాలి చిగుళ్ల నుంచి నెత్తురు కారింది. వేపాకులు, చెమట, నెత్తురు కలిసి దుప్పటి అట్టకట్టింది. అప్పుడు దవాఖానకు ఎత్తుకుపోయాం.

డాక్టర్ అడిగాడు, "ఇంట్లో ఎలుకలున్నాయా?"

"మా ఇంట్ల ఎలుకలేడియి సారు! శుద్ధంగ ఉంటం," అంది అత్త.

ఆమె పరువు చూడాలా, యారాలి పానం చూడాలా? దుప్పటి తొలగించి యారాలి చీలమండల మీది కాట్లు చూపించాను. అన్నాళ్లూ దోమకాట్లనుకున్నవే.

"ఉన్నయ్ సార్. సచ్చినయ్ సుత ఉన్నయ్."

తుంటి ఎముకలో సూది గుచ్చి పరీక్ష చేశారు. ఎలుకల మీది పురుగు కుడితే వచ్చే జ్వరమట. మందు వేస్తే తగ్గేదే, ఆలస్యమైంది. ఇప్పుడు ఒంటిని కాయాల్సిన కణాలే ఎదురు తిరిగి ఆమె రక్తాన్ని తింటున్నాయన్నాడు. ఇలా ఎదురు తిరగడం వెయ్యిమందిలో ఒక్కరికి కూడా జరగదట. నాకు సంచిని లోపలి నుంచి కొరికే ఎలుకలే కళ్లలో మెదిలాయి.

మందులు మొదలయ్యాక అత్తా నేనూ ఇంటికొచ్చి బస్తాలు జరిపాం. ఎలుక నేలకు అతుక్కుపోయి ఉంది. గీకితే తోలు ఊడి వచ్చింది, వెంట్రుకలు నేలకే ఉండిపోయాయి. ఆవగింజంత నల్లటి పురుగులు టపటపా మా పాదాల మీదికి ఎగిరాయి. అత్త గడప మీదే కక్కుకుంది.

మూడోనాడు దవాఖాన నుంచి మరిది ఫోన్ చేశాడు. "వదినా, జరం దిగింది. నీళ్లు అడిగింది."

అత్త అప్పటికే రెండుసార్లు కడిగిన ఆ గదిలోకి మళ్లీ చీపురు పట్టుకుని పోయింది.