నేలకు తగిలిన మొన

జహీరాబాదులో నన్ను ఇప్పటికీ "కత్తుల మేడం" అంటారు. అంగట్లో వంకాయలు తూచేవాడు కూడా తక్కెడ ఆపి, "ఏ దేశంల గెలిచిన్రు మేడం?" అని అడుగుతాడు. పన్నెండేళ్లు దేశం తరఫున ఫెన్సింగ్ ఆడాను. చాలా దేశాల్లో మొదటి రోజే ఓడి, తిరుగు విమానం దాకా హోటల్ గదిలో గోడలు చూస్తూ కూర్చున్నాను. అది వంకాయల దగ్గర చెప్పే మాట కాదు. రెండు కంచు పతకాలు వచ్చాయి. మోకాలు పోయాక ఊరికి తిరిగొచ్చి, ఆటల కోటాలో ఉద్యోగం చేసుకుంటున్నాను.

అసలు ఆ జట్టులోకి వెళ్లాల్సింది నేను కాదు.

హాస్టల్లో నాతోపాటు ఆట నేర్చుకున్న పిల్ల ఒకతి ఉండేది. న్యాల్‌కల్ దగ్గర ఊరు, అమ్మానాన్నలు కూలికి పోయేవాళ్లు. నాకు ఏడాది పట్టిన అడుగు తనకు నెలలో వచ్చేసేది. అసూయ ఉండేదా అంటే ఉండేది, కడుపునిండా. అయినా ఒకే కంచంలో తినేవాళ్లం. నా పాత బూట్లు తను తొడుక్కునేది. ఒక సైజు పెద్దవి కావడంతో ముందు భాగంలో గుడ్డ పేలికలు కుక్కేది.

ఎంపిక పోటీలో, జట్టులో మిగిలిన ఒక్క చోటుకు మేమిద్దరమే మిగిలాం. పద్నాలుగు పద్నాలుగు, పదిహేనో పాయింటు ఎవరిదైతే వాళ్లదే గెలుపు. మేమాడే కత్తితో ఒంట్లో ఎక్కడ పొడిచినా పాయింటే, కాలి వేలైనా సరే. మొన నొక్కుకుంటే దీపం వెలుగుతుంది. కింద లోహపు పట్టీ పరిస్తే నేలకు తగిలినా వెలగదు. ఆ రోజు అది పరచలేదు, ఉత్త నేల. అలాంటప్పుడు పొడిచినవాళ్లే చెయ్యెత్తి "నేల" అని ఒప్పుకోవడం మా ఆటలో మర్యాద.

నేను తన కాలి వేలికి గురిపెట్టి వంగాను. మొన బూటు పక్కన నేలకు కొట్టుకుంది. ఆ అదురు నా మోచేతి దాకా వచ్చింది. దీపం వెలిగింది. రిఫరీ నావైపు చెయ్యి చూపాడు.

తను ముసుగు తీసి బూటు వంక చూసుకుంది. ముందంతా పేలికలే కదా, తగిలిందో లేదో తనకు తెలియలేదు. "తాకిందానే?" అని నన్నే అడిగింది. ఇంకెవరినీ అడగలేదు.

"తాకింది" అన్నాను.

నమ్మింది. నన్ను గట్టిగా పట్టుకుని "మంచిగ ఆడు" అంది కూడా. ఆ ఏడే తనకు చదువు మాన్పించి పెళ్లి చేశారు. ఆ తర్వాత నేను గెలిచి జనం చప్పట్లు కొడుతుంటే సిగ్గేసేది. ఓడినప్పుడు, నిజం చెబుతున్నాను, కాస్త హాయిగా ఉండేది.

పోయిన శనివారం షేర్ ఆటో ఎక్కి వాళ్ల ఊరికి వెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లాను. తను వాకిట్లో కందులు చెరుగుతోంది. చేతులు మొరటుబారాయి, నవ్వు మాత్రం అదే. కూతురిని పిలిచి, "నేను చెప్తుంట జూడు, ఆమెనే గీమె. ఫారిన్ పోయి ఆడొచ్చింది. గిసొంటామె మీద నేను ఒక్క పాయింటుతోని ఓడిన" అని గొప్పగా చూపించింది. ఆ పిల్ల ఈ కథ చాలాసార్లు విన్నట్టే తలూపింది.

పిల్ల మంచినీళ్లకు లోపలికి వెళ్లగానే చెప్పేశాను. "ఆ రోజు నీ కాలికి తాకలే. నేలకు తాకింది. నాకు అప్పుడే తెలుసు."

చేట ఆగింది. తను దాన్ని కింద పెట్టింది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది.

"గిన్నేండ్లకు ఎందుకు చెప్పినవ్?" అంది మెల్లగా. "నీ మనసు తేలికైతదనా?"

అందుకే వెళ్లానేమో.

"నా బిడ్డకు మాత్రం చెప్పకు. ఓడిన అంటె జర ఇజ్జత్ ఉంటది. మోసపోయిన అని ఎట్ల చెప్పుకోవాలె? గదొక్కటే ఉండె నా దగ్గర."

పిల్ల చెంబుతో వచ్చింది. నా చేతికిస్తూ, "మా అమ్మ మంచిగ ఆడుతుండెనా?" అని అడిగింది.

"నాకంటె మంచిగ ఆడుతుండె."

"మరెట్ల ఓడింది?"

నేను నోరు తెరిచేలోపే తను మళ్లీ చేట ఎత్తుకుని, "ఒక్క పాయింటు బిడ్డా" అంది.