దొంతి దించిన రోజు

నా చిన్నప్పుడు, తొమ్మిదో ఏట, మేము ఊరు విడిచి కోయంబత్తూరు చేరాము. ఉడుమలైపేట పక్కన మా నాన్నకు కొంచెం నల్లరేగడి చేను ఉండేది. బావి ఎండిపోయి మూడేళ్ళు ఏమీ పండలేదు. నాలుగు వానలు పడితే తిరిగి వచ్చేద్దామని అమ్మకు చెప్పి, నాన్న ఒక నూలు మిల్లులో పనికి కుదిరాడు. మిల్లు వెనక వరుసగా కట్టిన ఇళ్ళను లైను ఇళ్ళనేవారు. అందులో మాకు ఒక గది ఇచ్చారు. ఒకే తలుపు, ఒకే కిటికీ. వంట, పడక, పెరుమాళ్ళ పటం, అన్నీ ఆ నాలుగు గోడల మధ్యనే.

అమ్మ ఊరి వంటిల్లంతా వెంట తెచ్చింది. రుబ్బురోలు, బియ్యం పెట్టె, ఊరగాయ జాడీలు, అన్నిటికీ మించి ఆమె పుట్టింటివాళ్ళు ఇచ్చిన ఇత్తడి దొంతి. అడుగున మోకాలెత్తు అండా, దానిమీద ఒకదానికన్నా ఒకటి చిన్నగా అయిదు బిందెలు, కొసన ఒక చెంబు. ప్రతిదాని మెడమీద మా అమ్మమ్మగారి ఇంటి పేరు చెక్కి ఉండేది. మా వాళ్ళ ఇళ్ళలో దొంతిని పండగకు తోమడానికి దించి, పొద్దు గూకేలోపల మళ్ళీ నిలబెట్టేవారు. దించినది దించినట్టే ఉంచడం అన్నదమ్ములు వేరుపడిన ఇళ్ళలోనే జరిగేది. అందుకని అమ్మ వచ్చీ రాగానే దొంతిని పేర్చింది. మిగిలిన గోడలకు సామాను ఆనించి ఉంది కాబట్టి, అది కిటికీకి అడ్డంగా నిలబడింది.

కట్టెల పొయ్యి పొగకు బయటికి పోయే దారి లేకుండా పోయింది. మా తమ్ముడికి అప్పుడు ఎనిమిది నెలలు. వచ్చిన నెలలోనే వాడికి దగ్గు పట్టుకుంది. దగ్గి దగ్గి పెదవులు నల్లబడేవి. పొగ తగలకుండా చూడకపోతే బిడ్డ దక్కడని మిల్లు డాక్టరు కోప్పడి పంపాడు. పడుకోవడానికి చోటు లేక నాన్న బయట అరుగుమీద చాప వేసుకునేవాడు. ఒకసారి ఆయన దొంతి మాట ఎత్తబోతే, నాలుగు వానలు పడితే పోయేవాళ్ళం, దించి మళ్ళీ పేర్చడం ఎందుకని అమ్మ పొయ్యి వైపు తిరిగింది. ఆమెకు బిడ్డమీద ప్రేమ లేదని ఎవరూ అనుకోకండి. రాత్రింబవళ్ళు వాడిని భుజాన వేసుకొని తిరిగేది. కానీ ఆమె మనసులో ఆ దొంతి కింద ఉన్నది మా చేను, దించితే ఊరు వదులుకున్నట్టే. దాన్ని దించడానికి ఆమెకు చేతులు రాలేదు.

మా పక్క గదిలో కారమడై నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉండేది, నేను ఆమెను పెద్దమ్మ అనేదాన్ని. భర్త పోయాడు, మిల్లులో నూలు కండెలు చుట్టే పని. నుదుట తిరుచూర్ణపు ఎర్రగీత లేకుండా నేనామెను ఎప్పుడూ చూడలేదు. లైను చివర ఉన్న భజన మఠాన్ని మడం అనేవాళ్ళం, అందులో పిల్లలకు నామాలు నేర్పేది ఆమే. నాకు పెరుమాళ్ళంటే ఎవరో తెలిసింది ఆమె నోటినుంచే.

పెరుమాళ్ళకు శనివారాలు చేసే పురటాసి నెలలో, మొదటి శనివారానికి ముందు ఆమె మా గడపలో నిలబడి, మడంలో ఉన్న పాత్ర ఈసారి పొంగలికి చాలదని, అమ్మ అండా ఇస్తే పెరుమాళ్ళ కార్యం జరిగిపోతుందని అడిగింది. దేవుడి పని అంటే అమ్మ కాదనలేదని ఆమెకు తెలుసు. అండా అడుగున ఉంది. అది కావాలంటే దొంతి మొత్తం దించాలి. అమ్మ ఒక్కొక్కటే దించి నా చేతికిచ్చింది, నేను నేలమీద పెట్టాను. చివరి బిందె దిగేసరికి గదిలోకి వెలుతురు వచ్చింది. పొయ్యిమీద పొగ ఒకసారి ఊగి, కిటికీవైపు తిరిగి, బయటికి పోయింది. మేము వచ్చిన తర్వాత ఆ గదిలో ఒకరి ముఖం ఒకరికి సరిగ్గా కనిపించడం అదే మొదలు.

శనివారం అయింది. అండా రాలేదు. ఇంకో శనివారం ఉంది కదా అంది పెద్దమ్మ. రెండోదీ అయింది. అడుగు లేని దొంతి నిలబడదు గదా, బిందెలు నేలమీదే ఉన్నాయి. మేము వాటిని దాటుకుంటూ తిరిగాము. మూడో వారం అమ్మ తమ్ముణ్ణి చంకన వేసుకొని పక్క గదికి పోయింది. నేను వెనకాలే వెళ్ళాను.

"అక్కా, నీకు కావాల్సింది నా అండానా, నా జన్నలా?" అంది అమ్మ.

మేము కిటికీని జన్నల అనే అనేవాళ్ళం. పెద్దమ్మ దాచలేదు.

"జన్నలే అమ్మిణీ. గోడకు ఈ పక్కనుంచి వీడి దగ్గు వింటా ఉండాను. పెరుమాళ్ళు మిమ్మల్ని ఊరికి పొమ్మనేటట్టుంటే వాన పంపుంటాడు. దగ్గు పంపినాడు."

అమ్మ తమ్ముణ్ణి చంకనుంచి భుజానికి మార్చుకొంది. తర్వాత, ఏం చేయాలో చెప్పమంది.

ఆ ఆదివారం పెద్దమ్మ మా గదికి వచ్చి, అమ్మను పొయ్యిముందు పీటమీద కూర్చోబెట్టి చెయ్యి చాపమంది. చెయ్యి అందినంత మేర బియ్యప్పిండితో గీత గీసింది. కూర్చున్నచోట లేవకుండా అందేదే వంటిల్లు, తక్కినది సామాను అంది. గీత లోపల పెట్టవలసినవి అమ్మ చేతనే ఏరించింది. మిల్లు మేస్త్రీని అడిగి తెచ్చిన, నూలు బాబిన్లు పెట్టే విరిగిన పెట్టెలు రెండు గోడకు కొడితే అరలయ్యాయి. పాలపొడి డబ్బాల్లోకి పప్పులూ పొడులూ దిగాయి. సైకిలు చక్రం పుల్లలు వంచి తీగకు వేలాడేస్తే గరిటెలకు చోటు దొరికింది. ఉల్లిపాయలూ ఊరగాయ జాడీ ఉట్టికి ఎక్కాయి. పెరుమాళ్ళ తళిగకు, అంటే నైవేద్యం వండడానికి, వేరే పాత్రలు పెట్టుకోవడం అమ్మ అలవాటు, వాటికి చోటు చాలలేదు. ఈ ఒక్క గదిలోకి ఆయన కూడా మనతోనే వచ్చాడు, మన కుండలోనే తింటాడు, మొదటి గరిటె ఆయనకు పెట్టు చాలు అంది పెద్దమ్మ. బిందెలు మడానికి పోయాయి. రెండు మాత్రం పాత్రల అంగడిలో ఇచ్చి అల్యూమినియం గిన్నెలు తెచ్చుకున్నాము.

సాయంత్రం నాన్న ఇంటికి వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. అమ్మ పీటమీదనుంచి లేవకుండా అడిగింది.

"ఇంగ ఊరికి పోలేమా?"

నాన్న అరుగుమీది చాప తెచ్చి బిందెలున్న చోట పరుచుకున్నాడు.

దొంతి తీసేసింది కాబట్టి అమ్మ ఊరి ఆశ వదులుకున్నదని ఆయన అనుకున్నాడు. ఆ వారమే ఊరికి పోయి చేనును మా చిన్నాన్నకు రాసిచ్చి వచ్చాడు. తర్వాతి నెల, ఐప్పసిలో, వానలు పడ్డాయి. ఉడుమలైపేట చుట్టూ బావులు నిండాయని మిల్లులో అందరూ చెప్పుకున్నారు. ఆ మాట విన్న రోజు పెద్దమ్మ మా గడపలో వచ్చి కూర్చుంది. "పెరుమాళ్ళ మనసు నాకు తెలిసినట్టు మాట్లాడేస్తిని, అమ్మిణీ," అంది.

అమ్మ తమ్ముడివైపు చూసింది. వాడు కిటికీ కింద నిద్రపోతున్నాడు.

"పిల్లోడు దగ్గడంలేదు కదక్కా," అని మాత్రం అంది. అది క్షమించడమో, లెక్క తేలిపోయిందని చెప్పడమో నాకు ఈనాటికీ తెలియదు. వంట చేస్తూ పాడే అలవాటు అమ్మకు ఆ వానలతోనే పోయింది. కొన్నేళ్ళ తర్వాత మడంలో పొంగలి వడ్డిస్తూ ఆమె అండాను కాస్త జరిపితే, లైనులో ఒక ఇంటికి కొత్తగా వచ్చిన కోడలు, "మెల్లగా అక్కా, అది మడం పాత్ర, సొట్ట పడిపోతాది," అని కసిరింది. అమ్మ చెయ్యి తీసేసింది. మెడమీది పేరు ఎవరిదో చెప్పలేదు.

నాకిప్పుడు డెబ్బై దాటాయి. మా గోష్ఠిలో శరణాగతి గురించి ఎన్నో ఉపన్యాసాలు విన్నాను, నేనూ చెప్పాను. అన్నీ ఆయనకు విడిచిపెడితే మనసు తేలికవుతుందని పెద్దలు చెబుతారు. నేను చూసిన శరణాగతిలో మనసు తేలిక కాలేదు. ఒక ఆడమనిషి తన ఊరిని ఒక్కొక్క బిందెగా దించింది, బిడ్డ బతికాడు, ఆమె సంతోషం తిరిగి రాలేదు. దానికి అర్థమేమిటని పెరుమాళ్ళను అడుగుతూనే ఉన్నాను. ఆయన చెప్పలేదు. నేను అడగడం మానలేదు, దీపం పెట్టడమూ మానలేదు.

మొన్న తమ కొబ్బరితోట ఎండిపోయి, సామానంతా వేసుకొని మా వీధికి ఒక చిన్న కుటుంబం వచ్చింది. వంటగదిలో మనిషి తిరగడానికి చోటు లేదు. ఆ ఇల్లాలు సామాను నడుమ కూర్చొని ఏడుస్తోంది. అంతా మన మంచికేనని, దేవుడి చిత్తమని ఆమెతో అనమని నా వెంట వచ్చిన గోష్ఠివాళ్ళు నావైపు చూశారు. ఆ మాట నా నోట రాదు. చీర కొంగు దోపుకొని ఆమె పక్కన కూర్చున్నాను. దేన్ని పంపెయ్యాలో ఆమె చెప్పేదాకా ఏదీ ముట్టుకోలేదు.