చెల్లెలు కాల్చనివ్వని దర్భబొమ్మ

మొన్న ఏదో సరుకు ఓడ సముద్రంలో కనబడకుండా పోయిందని టీవీలో చెప్తుంటే, మీరు ఫోన్‌లో నవ్వారు. "ఏం అవ్వా, చెవిలో పెట్టుకునేది పోయినా ఏడుందో ఫోన్ చూపిస్తాది. అంత పెద్ద ఓడ ఎట్ల పోతాది?" అన్నారు. మీరు పుట్టకముందు మా చెల్లెలు అడిగింది కూడా అదే, పిల్లలూ. ఇంతవరకూ దానికి బదులు చెప్పినవాళ్ళు లేరు.

చెల్లెలి భర్త సరుకు ఓడలో వంటమనిషి. సముద్రం మీద అంతమందికి సాంబారు కాచేవాడు, చింతాద్రిపేటలో మా ఇంటికొస్తే కాఫీ కూడా కలుపుకోడు. "ఈడ నాకు లీవు వదినా" అని గోడకు ఆనుకుని కూర్చునేవాడు. ఎన్నిసార్లు ఉతికినా అతని చొక్కాల్లో తాలింపు వాసనా, ఇంజిను నూనె వాసనా కలిసే వచ్చేవి. ఆఖరుసారి అతనెక్కిన ఓడ బియ్యం మూటలతో హార్బరు దాటి, ఏ రేవుకూ చేరలేదు. చెక్క ముక్క కూడా దొరకలేదు. రేవు దాటిన మర్నాడే తుఫాను వచ్చిందన్నాడు కంపెనీ మేనేజరు. ఆ వారమంతా మా వీధిలోకి కాశిమేడు జాలర్లు పట్టిన చేపలు వస్తూనే ఉన్నాయి. తుఫానులో ఎవరు పట్టారని అడిగాను. నాకు గట్టిగా మాట్లాడటం రాదు కదా, ఆయనకు వినబడలేదు.

నెలలు గడిచాక మా మేనమామ దర్భలు పట్టుకొచ్చాడు. మనిషి దొరకకపోతే దర్భతో బొమ్మ చేసి, దాన్నే శవమనుకుని కాల్చి కర్మ చేస్తారు మావాళ్ళు. దాంతోపాటు భార్య బొట్టూ గాజులూ పోతాయి. ఆ పొద్దున మేనేజరు కూడా పూలమాలతో వచ్చాడు. "మంచి పని చేస్తా ఉండారమ్మా. మీరు కర్మ చేసేస్తే మేమూ వెతికేది నిలిపేస్తాం" అన్నాడు, మేలు చేస్తున్నట్టు.

చెల్లెలు మామ చేతిలోంచి బొమ్మ లాక్కుంది.

"పాపా, అది శాస్త్రం!"

"శాస్త్రం మనిషి పోయినాడంటేనే కదా మామా? ఈ సారు మా ఆయన పోయినాడనీ చెప్పడు, ఉండాడనీ చెప్పడు. తాను చెప్పలేంది మన చేత చెప్పిస్తాడా?" అంటూ ఆడనే కూర్చుని ఒక్కో దర్భా విప్పేసింది. "సార్, ఆ మాల తీస్కపోయి మీ ఆఫీసు గోడకే ఏసుకోండి."

తర్వాత ప్రతి శుక్రవారం తలలో పూలు పెట్టుకుని, ఆ ఆఫీసు బెంచీ మీద కూర్చుని వచ్చేది. చుట్టాలు పేరంటాలకు పిలవడం మానేశారు. మా ఇంట్లో వరలక్ష్మి వ్రతానికి మొదటి తాంబూలం దానికే ఇచ్చేదాన్ని. ముఖం చిట్లించినవాళ్ళ కాఫీలో చక్కెర వేయడం మరిచిపోయేదాన్ని. కంపెనీ పేరు మార్చుకుంది. మేనేజర్లు మారారు. కొత్తవాళ్ళు "ఏ ఓడమ్మా?" అనసాగారు. పోయిన ఆడి మాసంలో చెల్లెలు కన్నుమూసింది, నుదుట కుంకుమతోనే.

కాలం అన్నీ మాన్పుతుందంటారు. నేను చూసిన కాలం ఏదీ మాన్పలేదు, అడిగేవాళ్ళను ఒక్కొక్కరినీ తీసుకుపోయి, బదులు చెప్పాల్సినవాళ్ళను గట్టెక్కించింది.