సంచి లేని తాత

రూఫస్ మైపాడు దగ్గర రొయ్యల గుంటల్లో పనిచేసేవాడు. మేత చల్లడం, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు తిప్పడం ఆయన పని. ఛాతీ పెద్దది, గొంతు అంతకన్నా పెద్దది. చర్చిలో ఆయన పాట ఎత్తుకుంటే ముందు వరుస ఆడవాళ్ళు చెవుల మీదికి ముసుగు లాక్కునేవాళ్ళు. భార్య కరుణాకుమారి పోయాక ఆ గొంతు మూతపడింది. గట్టు మీద కూర్చుని రొయ్యలతో తప్ప ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

అల్లుడు జడ్సన్ పడవ సముద్రంలో ఉండగానే కూతురు ఫేబీకి జ్వరమొచ్చింది. జ్వరం మీదే నొప్పులు వచ్చి, నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. పిల్లంటే పిల్ల కాదు, పిడికెడు.

నెల్లూరు ఆసుపత్రిలో ఫేబీకి జ్వరం తగ్గాక, నర్సు భానుప్రియ ఆ పిడికెడంత పిల్లను గాజుపెట్టెలోంచి తీసుకొచ్చింది. తల్లి ఒంటి వేడికి ఆనించుకుంటేనే బిడ్డ తేరుకుంటుందని చెప్పింది. ఫేబీ చేతులు చాపలేదు.

"నా ఒళ్ళే దాన్ని గెంటేసింది సిస్టరమ్మా. మళ్ళా ఆ ఒంటికే అంటిస్తారా? నేను పట్టుకోను," అని గోడవైపు తిరిగి పడుకుంది.

పక్కనే నిలబడ్డ రూఫస్ చొక్కా గుండీలు విప్పాడు. "ఒళ్ళే గదా కావాల్సింది? నాకు బోలెడుండాది. ఇటియ్యమ్మా."

"ముందు స్నానం చేసిరా అన్నా! ఆ రొయ్యల వాసనకి పిల్ల లేచి పరిగెత్తుద్ది!" అంది భానుప్రియ.

రుద్దుకుని రుద్దుకుని ఎర్రబడి వచ్చాడు. ఇంట్లో పెట్టెలో ఎవర్నీ ముట్టనివ్వకుండా దాచుకున్న కరుణాకుమారి నూలుచీర తెప్పించి, దాంతోనే పిల్లను గుండెకు కట్టించుకున్నాడు. కట్టించుకుని, ఊపిరి తీస్తే పిల్ల జారిపోతుందేమోనని బిగుసుకుని కూర్చున్నాడు.

కాసేపటికి పిల్ల నోరు తెరిచింది. మూసింది. మళ్ళీ తెరిచింది. గాలి చాలనప్పుడే కదా గుంటలో రొయ్యలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి! రూఫస్ ఒక్క ఉదుటున లేచి ఫ్యాను పూర్తి జోరుకు తిప్పాడు. పక్క మంచం దుప్పటి ఎగిరింది, ఆ మంచం మీది ఎస్తేరమ్మ కేకపెట్టింది. భానుప్రియ పరిగెత్తుకొచ్చింది.

"ఆపన్నా! చలే దానికి ముప్పు. అది గాలికి కాదు, పాలకి నోరు తెరుస్తా ఉండాది!"

"మా గుంటలో నోరు తెరిస్తే ఏరియేటరే వేస్తాం సిస్టరమ్మా!"

"ఇది రొయ్య కాదన్నా!"

"ఏమో, సైజు అట్టనే ఉండాది గదా!"

వార్డంతా పగలబడి నవ్వింది. గోడవైపు ఫేబీ భుజాలు కూడా కదిలాయి. ఏడుస్తోందనుకున్నాడు రూఫస్.

భానుప్రియ ఫ్యాను కట్టేసి, పిల్లకు పాలచుక్కలు పట్టి, ఫేబీ మంచం అంచున కూర్చుంది. "అమ్మే, ఒపోసం అని ఒక జంతువుండాది. కంగారూకి చుట్టం. మన ఒంట్లోలాగే దాని ఒంట్లోనూ కబురు మోసే ప్రొటీన్లుంటాయి, సైటోకైన్లంటారు. జ్వరం, వాపు, నీరసం తెచ్చేది అవే. పిల్ల గర్భసంచికి అంటుకోగానే, 'ఎవురో కొత్తోళ్ళొచ్చినారు' అని ఒంట్లో దండోరా వేస్తాయి. దాంతో వాపొచ్చి, కొద్దిరోజులకే కాన్పయిపోద్ది. పిల్లలు గింజంతే! మన ఒళ్ళు ఆ దండోరాని నెలలకొద్దీ అణిచిపెడతాది. నీకు జబ్బు సోకే సరికి అది ముందే మోగింది. నీ ఒళ్ళు జబ్బుతో కొట్లాడింది తల్లీ, బిడ్డతో కాదు."

ఫేబీ ఇటు తిరిగింది. "మరి ఆ పిల్లలు?"

"అమ్మ పొట్ట మీది చన్నులు కరుచుకుని వేలాడతాయి. 'నేనే గెంటేసినా' అని ఆ తల్లి గోడకి తిరిగి పడుకోదు. మోసుకుంటానే మేతకి పోతాది. ఒపోసాల్లో కొన్నిటికి, కంగారూకుండే పిల్లల సంచి కూడా ఉండదు."

"నా మాదిరే!" అని రూఫస్ పొట్ట చరుచుకున్నాడు. పట్టలేని సంబరంతో ఆ మూతపడ్డ గొంతు తెరిచి పాట ఎత్తుకున్నాడు. పిల్ల ఉలిక్కిపడి రెండు చేతులూ విసిరింది. ఎస్తేరమ్మ ముసుగు లాక్కుంది.

ఫేబీ నవ్వుతూనే లేచి కూర్చుంది. "నాయనా, ఆపు! నా బిడ్డకి చెవులు పోతాయి. ఇటియ్యి దాన్ని!"

రూఫస్ పిల్లను గుండెకు ఇంకా హత్తుకుని కూతురితో అన్నాడు.

"ముందు స్నానం చేసిరా పో!"