కల్యాణ మండపం కాగితం

గుంతకల్లు స్టేషన్‌లో, వెయిటింగ్ హాల్లో నా పక్కన కూర్చున్న పెద్దాయన కల్యాణ మండపం ఒప్పంద పత్రం నా చేతిలో పెట్టాడు.

"చదువు రానోణ్ణి. ఏమేమి ఇస్తారో చూసి చెప్పప్పా."

గదులు, వంటపాత్రలు, జనరేటర్ మండపం వాళ్లవే. నీళ్ల ట్యాంకర్లు మాత్రం మనమే తెచ్చుకోవాలి. అదే చెప్పాను.

"తెచ్చుకుంటాంలే."

"పెండ్లి మీ పాపదా, పెద్దాయనా?"

"పెండ్లి లేదప్పా. పాప పోయింది. పాప దివసాలు, పెద్దకర్మ, పెండ్లి పెట్టుకున్న పొద్దే వచ్చినాయి. పెండ్లికి పిలిచినోళ్లకే ఆడ అన్నం పెడదామని. పెట్టొచ్చునా?"

కాగితం అడుగున 'శుభకార్యాలకు మాత్రమే' అని ఉంది.

"పెట్టొద్దని యాడా రాయలేదు" అన్నాను.

ఆయన కాగితాన్ని కళ్లకద్దుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మండపం గుమ్మం దగ్గర కాగితం అడుగునున్న ఆ మాట ఆయనకు ఎవరు చదివి వినిపించారో.