ప్రార్థనలో మార్చిన వైరు

మా మావయ్య పోయాడని గురువారం పొద్దున్న ఫోన్ వచ్చింది. ఎవరైనా పోయారని వింటే ఆయన వెంటనే కళ్ళనీళ్ళు పెట్టుకునే రకం కాదు. "ఎవులు సెప్పేరు? సొయంగా సూసేరా?" అని అడిగి, చొక్కా తొడుక్కుని, వెళ్ళి చూసొచ్చాకే ఏడ్చేవాడు. నేనూ అదే చేశాను. ఆటో ఎక్కి వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకు చూశాను. చల్లగా ఉంది. అప్పుడు నమ్మాను.

మావయ్య మా అమ్మకి తమ్ముడు. శ్రీకాకుళంలో ముప్ఫై ఏళ్ళకు పైగా మైకు సెట్టు నడిపాడు. పెళ్ళిళ్ళకీ సభలకీ అద్దెకిచ్చేవాడు. ఆదివారం మాత్రం మా బాప్టిస్టు చర్చిలో మైకుల శబ్దం సరిచేసే మిక్సర్ ముందు కూర్చునేవాడు, ఉచితంగానే. ఆ కుర్చీ అంటే ఆయనకి ప్రాణం. జ్వరమొచ్చినా మఫ్లరు చుట్టుకుని వచ్చి కూర్చునేవాడు.

అనుమానం ఆయనకి ఊపిరితో పాటే ఉండేది. పాలు పోయించుకుంటే గోటి మీద చుక్క వేసి చూసేవాడు. కోసి చూపించందే పుచ్చకాయ కొనేవాడు కాదు. బస్సు బోర్డు మీద విజయనగరం అని ఉన్నా, డ్రైవర్నీ కండక్టర్నీ విడివిడిగా అడిగేవాడు. "ఇద్దరూ ఒకటే సెప్పేరు కదా, మరింక ఎక్కు" అని అత్త వెనక నుంచి నెట్టేది. సెట్టులో ఎక్కడైనా గరగరమంటే, ఎవరేం చెప్పినా వినేవాడు కాదు. మైకు దగ్గర వైరు అందుకుని, వేళ్ళతో తడుముకుంటూ మిక్సర్ దాకా వచ్చేవాడు. "నోటిని అడక్కు, వైరు పట్టుకుని పో" అనేవాడు నాతో.

నేను బడిలో పాఠాలు చెబుతాను, చర్చిలో క్వయర్, అంటే పాటల బృందం, నడుపుతాను. మూడేళ్ళ క్రితం విశాఖపట్నంలో ఒక షాపతను నాకో వైరు చూపించాడు. చెక్క పెట్టెలో మెత్తటి గుడ్డ మీద పడుకోబెట్టాడు దాన్ని. పైన వల అల్లిక, చివర్లకి బంగారు పూత. ఆక్సిజన్ తీసేసిన రాగి అన్నాడు. వినిపించాడు. నాకు ఒళ్ళు జలదరించింది. మా క్వయర్ మైకుకి అదే కావాలని పట్టుబట్టి, సంఘ పెద్దను ఒప్పించి, చందాలడిగి కొనిపించాను.

మావయ్య ఆ పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"లోపలేటున్నాదో కోసి సూపించమన్నావా?"

"అంత ఖరీదైంది ఎలగ కోస్తాడు మావయ్యా?"

"సవక వైరైతే కోసి సూస్తాం కదేటి. పోగులు తక్కువుంటే పారేస్తాం. మరి దీనికెందుకంత మరియాద?"

చవక సరుకంటే కూడా ఆయనకి పడదు. వైరు మంచిదవ్వాలి, టంకం గట్టిగా ఉండాలి, అది దాటి పెట్టే ప్రతి పైసాకీ చెవి జవాబు చెప్పాలి అనేవాడు.

ఆ ఆదివారం కొత్త వైరు వేశాం. మిక్సర్ ఒక పక్కనా, క్వయర్ మరో పక్కనా ఉంటాయి. వైరు వేదిక ముందు నుంచి నేల మీద వెళ్ళాలి. మావయ్య తన పాత వైరు కూడా పక్కనే పరిచాడు, గుడ్డ టేపు చుట్లతో సహా. "ఇది ఆగిపోతే అదుంటాది" అన్నాడు. మొదటి పాట పాడాం. తర్వాత పాస్టరు గారు తన మైకులో ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన ప్రార్థన చిన్నది కాదు. అందరం తలలు వంచి కళ్ళు మూసుకున్నాం. ఆమెన్ అన్నాక రెండో పాట పాడాం.

ఆరాధన అయ్యాక సంఘ పెద్ద లేచి, రెండో పాటలో ఒక్కొక్క గొంతూ విడిగా వినబడిందనీ, వైరు కాస్త వేడెక్కాక దాని గుణం బయటపడిందనీ అన్నారు. అందరూ తలలూపారు. నా గొంతు నాకే కొత్తగా వినిపించిందని నేనైతే నిలబడి సాక్ష్యం కూడా చెప్పాను. పెద్దగారు మా మావయ్య వైపు తిరిగి "నీకెలగున్నాది?" అని అడిగారు.

"నాకు తేడా ఏటీ తెలవలేదండి" అన్నాడు మావయ్య.

సాయంత్రం మా ఇంటికొచ్చి నన్ను వాకిట్లోకి పిలిచాడు. "ప్రార్థనలో మార్సీసేనే అమ్మీ. రెండో పాటకి నడిసింది నా పాత వైరు."

నాకు ఒళ్ళు మండింది. "పట్నం సరుకొచ్చిందని నీకు కుళ్ళు మావయ్యా. మార్చేవని నమ్మకమేటి? ఎవరు చూసేరు?"

కోప్పడతాడనుకున్నాను. ఆయన ముఖం వెలిగింది. "అదీ! నన్నూ నమ్మకు. పద, నువ్వే మార్సి సూడు."

మర్నాడు ఖాళీ చర్చికి వెళ్ళాం. పాడటానికి అత్తను కూడా లాక్కొచ్చాడు. మావయ్య కళ్ళకి తువ్వాలు కట్టుకుని కూర్చున్నాడు. అత్త ఒకే చరణం పదే పదే పాడుతూ "నా గొంతరిగిపోతన్నాది, మీకు వైరు కావాలా మనిషి కావాలా" అని సణిగింది. నేను వైరు మార్చిన ప్రతిసారీ ఆయన "తెలవలేదు" అనే అన్నాడు. తర్వాత తువ్వాలు నాకు కట్టాడు. నేను ప్రతిసారీ ధీమాగా చెప్పాను. సగానికి పైగా తప్పు.

తువ్వాలు విప్పేసరికి మావయ్య నవ్వడం లేదు. "సెవి లంచం తింటాదే. కంటికి పెట్టె సూపించేరంటే సెవి సాక్ష్యం మార్సీస్తాది. నీ సెవే కాదు, నాదీ అంతే. అందుకే తువ్వాలు."

మీలో ఎవరైనా అలాంటి వైరు కొని ఉంటే నా మీద కోప్పడకండి. మీకు తేడా వినబడుతోందేమో. ఒక్కసారి తువ్వాలు కట్టుకుని వినండి, అంతే.

నలుగురికీ చెప్పడమో మానడమో మావయ్య నాకే వదిలేశాడు. నేను చెప్పలేదు.

నెల తిరక్కుండా సంఘం కూర్చుంది. మావయ్యకు చెవులు పోయాయనీ, అంత తేడా కూడా తెలియని మనిషి మిక్సర్ దగ్గర ఉండకూడదనీ పెద్ద అన్నారు. ఆ కుర్చీ తన అల్లుడికిచ్చారు. నేను ఆ గదిలోనే ఉన్నాను. చందాలడిగిన నోరు ఆ రోజు పెగల్లేదు.

"సెప్పలేదా?" అన్నాడు మావయ్య, ఆ ఆదివారం చర్చిలో.

"బయమేసింది."

"అది నిజం. ఆ మాత్రం నిజం సెప్పేవు కదా, సాల్లే."

పాత వైరును ఒక చుట్టు ఇటూ ఒక చుట్టు అటూ తిప్పి, మెలిక పడకుండా చుట్టి, మిక్సర్ వెనక మేకుకి తగిలించి, వెళ్ళి చివరి బెంచీలో కూర్చున్నాడు. మూడేళ్ళు అక్కడే కూర్చున్నాడు. మా పాట అయ్యాక నా వైపు చూసి బొటనవేలు ఎత్తేవాడు. ఆ వేలు చూస్తే నాకు ఏడుపొచ్చేది. ఇప్పటికీ బాగా పాడావని ఎవరన్నా నాకు అనుమానమే.

శుక్రవారం వేదిక ముందు బల్ల మీద ఆయన శవపెట్టె ఉంది. నేను అందరికంటే ముందే వెళ్ళి మేకు మీది పాత వైరు చుట్ట దింపాను. విసిరితే ఒక్క మెలిక లేకుండా పరుచుకుంది. ఖరీదైన వైరు పక్కన, పెట్టె ఉన్న బల్ల కింద నుంచి దాన్ని వేశాను. ఆ తర్వాతి పని చేస్తానని మాత్రం నా మీద నాకే నమ్మకం లేదు.

ఒక పాట అయింది. పెద్ద మాట్లాడారు. "సెవులు పోయినా ఆఖరి బెంచీలో కూకుని విశ్వాసం కాపాడుకున్నాడు" అన్నారు. అత్త తలెత్తి నన్ను చూసింది. భర్త వద్దన్నాడని మూడేళ్ళు నోరు కట్టేసుకున్న మనిషి ఆమె.

పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టారు. అన్ని తలలూ వంగాయి. మైకు దగ్గర ఒక చివర మార్చాను, ఉత్త కాళ్ళతో మిక్సర్ దాకా నడిచి రెండోది మార్చాను. పెద్ద గారి అల్లుడు కళ్ళు తెరవలేదు. ఆమెన్ అన్నాక రెండో పాట పాడాం.

పాట అయ్యాక పెద్ద కళ్ళు తుడుచుకుంటూ, ఈ వైరు కొన్నందుకు ఇవాళ ఫలితం దక్కిందన్నారు. నేను మైకు వదల్లేదు. ఇప్పుడు మోగింది మావయ్య పాత వైరనీ, మూడేళ్ళ కిందట మీరు మెచ్చుకున్నదీ అదేననీ, ఆయనకి చెవులు పోలేదనీ, నాకు తెలిసీ చెప్పలేదనీ చెప్పేశాను.

పెద్ద నమ్మలేదు. "ఎవులు సూసేరమ్మా?" అన్నారు.

"నన్ను నమ్మొద్దండి. వైరు పట్టుకుని ఎల్లండి."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. తర్వాత వంగి, మైకు దగ్గర వైరు అందుకుని, వేళ్ళతో తడుముకుంటూ కదిలారు. చర్చి మొత్తం కళ్ళు తెరుచుకునే ఉంది. వైరు బల్ల కిందికి వెళ్ళేచోట ఆయన తెల్లగుడ్డ ఎత్తి, మోకాళ్ళ మీద కూర్చోవాల్సి వచ్చింది. గుడ్డ టేపు చుట్టు తగిలి వేళ్ళు ఆగాయి. పెట్టె పక్కన తల వంచి, ఆ చుట్టును ఆయన బొటనవేలితో నిమిరారు.