సల్వాలో మా అబ్బులు కట్టిన అంటు

అబ్బులూ, నువ్వు కట్టి వెళ్ళిన అంటును చూడడానికి సల్వా వెళ్ళొచ్చిన సంగతి ఇన్నేళ్ళకి రాస్తున్నాను రా నాన్నా. నువ్వు చదవలేవు. కువైట్‌లో పిల్లలున్న తల్లులు, అక్కడికి పనికి వెళ్ళేవాళ్ళు చదువుతారని రాస్తున్నాను. నా చదువు ఐదో తరగతి వరకే, తప్పులుంటే మన్నించండి.

ఇది ఎనభైల నాటి మాట. నేను కువైట్‌లో, జహ్రా అనే చోట ఒక ఇంట్లో వంట చేసేదాన్ని. మా అబ్బులు సల్వాలో ఒక పెద్దింట్లో తోటమాలి. కడియం నర్సరీలో నా పక్కన కూర్చుని అంట్లు కట్టడం నేర్చుకున్నవాడు. రోడ్డు ప్రమాదంలో పోయాడు. వాణ్ణి ఊరికి తీసుకెళ్ళి, జరగాల్సినవన్నీ జరిపించి, ఆడపిల్లల చదువుల కోసం మళ్ళీ వచ్చాను. రెండు నెలలకి ఒక గురువారం ఆ ఇంటి డ్రైవరు మస్తాన్ ఫోన్ చేశాడు. రాయచోటి మనిషి. కువైట్‌లో పనివాళ్ళు ఇంటావిడని మామా అంటారు.

"అమ్మా, హాల్లో రబ్బరు చెట్టు కప్పుకు తగిలి వంగిపోయింది. శనివారం కొట్టేయమంటాంది మామా. మీవాడు దాని కొమ్మకు ఏందో కట్టి పోయినాడు. దెబ్బ తగిలిందేమోనని నేను ముట్టుకోలే."

అది దెబ్బకి కట్టింది కాదని, కొమ్మకే వేళ్ళు పుట్టించి కొత్త మొక్క చేసే అంటని నాకు తెలుసు. వాడి చేతి చివరి పని అది. వేరు పట్టిందో లేదో చూడకుండా ఆ చెట్టును నరకనివ్వకూడదనుకున్నాను.

శుక్రవారం పొద్దున్నే ఏడింటికి బస్సెక్కాను. జహ్రా నుంచి కువైట్ సిటీకి గంట. అక్కడ దిగి సల్వా బస్సు పట్టుకోవాలి. రెండింటికీ కలిపి పావు దీనారు అయింది. రెండో బస్సు కోసం ముప్పావుగంట ఎండలో నిలబడ్డాను. తొమ్మిదిన్నరకి గేటు దగ్గర మస్తాన్ ఎదురొచ్చాడు.

హాల్లో అడుగు పెట్టి తల ఎత్తి చూశాను. వానలు ఆగని అడవుల్లో తాడిచెట్టును మించి పెరిగే జాతి అది, ఏడాదంతా పచ్చగానే ఉంటుంది. ఎడారిలో, ఏసీ గదిలో, సిమెంటు తొట్టెలో దాన్ని కప్పు దాకా పెంచాడు నా కొడుకు. ఆకు అంచు ఒక్కటి కూడా మాడలేదు.

"తోట పైపులో ఉప్పునీళ్ళు పోస్తే తంతానన్నాడమ్మా మీవాడు. ఏసీ నుంచి కారే నీళ్ళే బకెట్లో పట్టి పోస్తాండా," అన్నాడు మస్తాన్.

"అంత మాటన్నాడా బాబూ?"

"అన్నాడు. నాకంటే పదేళ్ళు చిన్నోడు!"

ఇద్దరం నవ్వాం. తర్వాత నిచ్చెన ఎక్కాను. పైకొమ్మకి గోనెపీచు, దానిమీద ప్లాస్టిక్ కాగితం. దారం మూడు చుట్లు తిప్పి సగం ముడి వేశాడు. ఆ ముడి నాది. ప్లాస్టిక్ మీద దుమ్ము కొంగుతో తుడిచాను. లోపల తెల్లటి వేళ్ళు, దారాల్లాగా, గోనెపీచు నిండా.

"పట్టింది బాబూ!" అని అరిచాను. ఆ అరుపుకి ఇంటావిడ బయటికొచ్చింది. మస్తాన్ అరబీలో చెప్పాడు. రంపం తెప్పించి, కట్టుకి కింద నేనే కోశాను. పాలు కారాయి. చెట్టు కప్పుకి తగలడం మానింది. ప్లాస్టిక్ విప్పి, వేళ్ళు చెదరకుండా నెయ్యి డబ్బాలో మట్టి పోసి నాటాను. ఆవిడ మొక్క చుట్టూ తిరిగి చూసి ఏదో అడిగింది.

"ఈ పని అతనికి ఎవరు నేర్పినారని అడుగుతాంది," అన్నాడు మస్తాన్.

"నేనే అని చెప్పు బాబూ."

ఆవిడ నా చేతులు పట్టుకుని చూసింది. "ఖలాస్, ఇంక చాలు, చెట్టు కొట్టొద్దు" అంది. మిగిలిన కొమ్మలకి కూడా కట్టమంది, తన ముగ్గురు కూతుళ్ళ ఇళ్ళకీ పంపుతుందట. ఆ రోజే మూడు అంట్లు కట్టి వచ్చాను.

కొడుకు పోయాక అందరూ వాడి గురించి జాలిగానే మాట్లాడారు. ఆ ఇంట్లో మాత్రం పనివాడిగా గౌరవంగా మాట్లాడారు. తిరుగు బస్సులో ఏడుపొచ్చింది, కానీ తల వంచుకోలేదు. వాడు నేర్చింది నా దగ్గరే. వాడు ఆపిన చోటి నుంచి నేను చేయగలిగాను. ఏ తల్లికైనా అంతకంటే ఏం కావాలి?

అటు వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళకి బస్సులు తగ్గిపోతాయి, పొద్దున్నే బయల్దేరండి. నేను ఆ రోజు ఖాళీ కడుపుతో వెళ్ళాను, నిచ్చెన మీద కళ్ళు తిరిగాయి. మీరు అలా చేయకండి. కడుపునిండా తినండి.